ఆ మాట ఎవరు అనవచ్చు? ఎన్-వర్డ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో పిల్లలను పెంచుతున్న తెలుగువాళ్లకు ఏదో ఒక రోజు ఈ ప్రశ్న ఎదురవుతుంది. నేను 15 ఏళ్లుగా ఆదివారాలు ఇక్కడి పిల్లలకు తెలుగు నేర్పుతున్నాను. తరగతి అయ్యాక తల్లిదండ్రులు కారు పక్కన నిలబడి గొంతు తగ్గించి అడిగినవీ, పిల్లలు గొంతు పెంచి అడిగినవీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నేను నల్లజాతి మనిషిని కాను. అందుకని వాళ్లు తమలో తాము ఏమని వాదించుకున్నారో వీలైనంత వరకు చెప్పి, నా అభిప్రాయం నాదిగానే చెబుతాను.

ఎన్-వర్డ్ అంటే ఏ మాట? మీరు దాన్ని పూర్తిగా ఎందుకు రాయడం లేదు?

ఆఫ్రికా నుంచి సంకెళ్లలో తెచ్చిన మనుషులనూ, వాళ్ల బిడ్డలనూ, ఆ బిడ్డల బిడ్డలనూ హీనపరచడానికి అమెరికాలో తెల్లవాళ్లు తరతరాలుగా వాడిన తిట్టు అది. ఇంగ్లిష్ అక్షరం ‘ఎన్’తో మొదలవుతుంది. కొరడా దెబ్బతో పాటు వినిపించిన మాట అది. మనిషిని చెట్టుకు ఉరివేస్తూ గుంపు అరిచిన మాట కూడా అదే.

‘ఎన్-వర్డ్’ అనే మారుపేరు ఇంటింటికీ చేరింది 1995లో, నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్‌ను హత్యా నేరం మీద విచారించిన కేసు నాటికి. ఆ కేసులో సాక్షి అయిన ఒక తెల్ల పోలీసు అధికారి గతంలో ఆ మాట వాడాడా లేదా అని జ్యూరీ (తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందం) ముందు అడగనివ్వాలా అన్నది వివాదం. ప్రభుత్వం తరఫున క్రిస్టఫర్ డార్డెన్ లేచి, ఇంగ్లిష్‌లో అంతకన్నా మురికి మాట లేదనీ, అది చెవిన పడితే నల్లజాతి జ్యూరీ సభ్యులకు ఇక సాక్ష్యాలు కనబడవనీ వాదించారు. సింప్సన్ తరఫున జానీ కాక్రన్ లేచి, ఆ వాదనే నల్లజాతికి అవమానం అన్నారు. మా వాళ్లు రోజూ ఇలాంటి మాటలూ చూపులూ భరిస్తూనే బతుకుతున్నారు, విన్నంత మాత్రాన వివేకం కోల్పోతారా అని ఆయన కోపం. ఇద్దరూ నల్లజాతి న్యాయవాదులే. ఈ చర్చ ఎంత లోతైనదో తెలియాలంటే ఆ కోర్టు గదిలో ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడిన తీరు తలచుకుంటే చాలు.

పరిశోధకులు ఆ మాటను పూర్తిగా రాస్తారు. హార్వర్డ్ న్యాయశాస్త్ర ఆచార్యుడు, నల్లజాతీయుడైన రాండల్ కెనడీ 2002లో ఆ మాట చరిత్ర మీద రాసిన పుస్తకానికి ఆ మాటనే పేరుగా పెట్టారు. అది తప్పు కాదు. నాకు మాత్రం ఇక్కడ దాని అవసరం కనిపించలేదు.

అది మొదటి నుంచీ తిట్టేనా?

కాదు. లాటిన్‌లో ‘నలుపు’ అనే అర్థమున్న మాట స్పానిష్, పోర్చుగీస్, ఫ్రెంచ్ భాషల మీదుగా ఇంగ్లిష్‌కు వచ్చింది. 19వ శతాబ్దం మొదటి సగానికే అది పూర్తిగా తిట్టయిపోయింది. 1837లో హోసియా ఈస్టన్ అనే నల్లజాతి మతబోధకుడు ఈ సంగతి స్పష్టంగా రాశారు. తెల్లవాళ్ల ఇళ్లలో, మనం ‘బూచివాడు ఎత్తుకుపోతాడు’ అన్నట్టు, ఆ మాటతోనే పసిపిల్లలను భయపెట్టేవారట. ఊహ తెలియకముందే చెవిలో పడిన మాట అది. పెద్దయ్యాక అదే పిల్లవాడు దాన్ని ఎలా పలికి ఉంటాడో వేరే చెప్పక్కర్లేదు.

నల్లజాతివాళ్లే ఒకరినొకరు అలా పిలుచుకుంటున్నారు కదా. మరి మేము అంటే తప్పేమిటి?

అందరికన్నా ఎక్కువ మంది అడిగేది ఇదే. దీనికి జవాబు తెలుగువాళ్లకు ముందే తెలుసు. బావ మరదలిని ‘ఏమే పొట్టీ’ అని పిలిస్తే ఇల్లంతా నవ్వుతుంది. అదే మాట వీధిలో పోయే పరాయి మగవాడు అంటే చెప్పు తెగుతుంది. మాట ఒక్కటే అయినా వరస వేరు. మన భాషలో సగం మాటలకు అర్థం నిఘంటువులో ఉండదు, వరసలో ఉంటుంది. నువ్వు, మీరు, ఒరేయ్, అండీ అన్నింటిలో మనం రోజంతా చేస్తున్నది అదే లెక్క. తండ్రి ‘మా వాడు దద్దమ్మ’ అంటే, పక్కింటాయన ‘అవునండీ, మీ వాడు దద్దమ్మే’ అనడు.

అయితే ఈ పోలిక కొంత దూరమే వస్తుంది. ‘పొట్టీ’ అన్న మాట వెనుక ఎవరి రక్తమూ లేదు. ఎన్-వర్డ్ వెనుక బానిసత్వం ఉంది, ఉరితాళ్లు ఉన్నాయి, ఓటు వేయడానికి వెళ్లినవాళ్ల ఇళ్లు తగలబెట్టిన రాత్రులు ఉన్నాయి. తమను కొట్టిన కర్రను లాక్కుని చేతికర్రగా మార్చుకున్నవాళ్లు కొందరున్నారు. ఆ కర్ర వాళ్ల చేతిలో ఉంది కాబట్టి మనమూ ఒకసారి తిప్పి చూస్తామంటే, దెబ్బలు తిన్నవాడికి గుర్తొచ్చేది పాత చేయే.

‘ఆ మాట అనే హక్కు’ అన్న దగ్గరే చాలామంది తడబడతారు. హక్కు గురించి అయితే అమెరికాలో ఎవరికైనా ఉంది, చట్టం నోరు మూయదు. ఇక్కడ అడగవలసింది వరస గురించి. వరస ఎవరో ఇస్తే వచ్చేది కాదు, అడిగి పుచ్చుకునేదీ కాదు.

చివర ‘ర్’ పలికితే తిట్టు, ‘అ’ పలికితే పలకరింపు అంటారు. నిజమేనా?

నల్లజాతి యువకులలో చాలామంది ఆ తేడా పాటిస్తారు. రెండో రూపం ‘ఒరేయ్’, ‘మావా’ లాంటి పిలుపుగా వాళ్ల మాటల్లో, పాటల్లో వినిపిస్తుంది. వాళ్లలోనే పెద్దవాళ్లు అనేకులు రెండింటికీ తేడా లేదంటారు. ఏదైనా, ఆ ‘అ’ బయటివాళ్లు లోపలికి వచ్చే తలుపు కాదు. మన పిల్లలు ‘నేను ర్ పలకలేదు కదా’ అని వాదిస్తుంటే వింటున్నాను. చెల్లదు.

తమలో తాము వాడుకోవడం నల్లజాతివాళ్లందరికీ సమ్మతమేనా?

ఏమాత్రం కాదు. బయటివాళ్లకు తెలియని అసలు చర్చ ఇదే.

హాస్యనటుడు డిక్ గ్రెగరీ 1964లో తన ఆత్మకథకు ఆ మాటనే పేరుగా పెట్టారు. ఇకమీదట ఎక్కడైనా ఆ మాట వినబడితే నా పుస్తకానికి ప్రచారం చేస్తున్నారనుకో అని తల్లిని ఉద్దేశించి రాశారు. తిట్టులోని విషాన్ని అలా పిండేయవచ్చని ఆయన నమ్మకం. తర్వాత మరో నల్లజాతి హాస్యనటుడు రిచర్డ్ ప్రయర్ వేదికల మీద దాన్ని పదే పదే వాడారు, తన రికార్డుల పేర్లలోనూ పెట్టారు. జనం విరగబడి నవ్వారు.

1979లో ప్రయర్ కెన్యా వెళ్లారు. ఒక హోటల్ ముందు హాలులో కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూస్తున్నారు. గుమాస్తాలు, అధికారులు, కూలీలు, కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, అందరూ నల్లవాళ్లే. నీకు ఏమి కనిపిస్తోందని లోపలి నుంచి ఒక గొంతు అడిగినట్టనిపించిందట. రకరకాల మనుషులు, రకరకాల పనులు చేసుకుంటూ కనిపిస్తున్నారు అనుకున్నారు. మరి వీళ్లలో ‘ఆ మాట’ ఎవరైనా ఉన్నారా అని అడిగింది గొంతు. ఒక్కరూ లేరు. మూడు వారాలుగా ఆ మాట తన నోటికే కాదు, తలపుకు కూడా రాలేదని అప్పుడు తెలిసిందట. 1982లో విడుదలైన తన వేదిక ప్రదర్శన చిత్రంలో ఆయన ఈ సంగతి చెప్పి, ఇక ఆ మాట వాడనన్నారు. దాన్ని అంత ఒడుపుగా వాడిన మనిషే దించేశాడు. ఈ ఘట్టం నేను ఎన్నిసార్లు చెప్పినా నా గొంతు పట్టుకుంటుంది.

2007 ఫిబ్రవరిలో న్యూయార్క్ నగర మండలి ఆ మాట వాడవద్దని తీర్మానించింది. శిక్ష ఏమీ లేదు, విజ్ఞప్తి మాత్రమే. అదే ఏడాది జూలైలో, 1909 నుంచి పౌరహక్కుల కోసం పోరాడుతున్న ఎన్.ఏ.ఏ.సి.పి. సంస్థ డెట్రాయిట్‌లో ఆ మాటకు అంత్యక్రియలు జరిపింది. నిజంగానే శవపేటిక తెచ్చారు, గుర్రాలు లాగాయి, పేటిక మీద నల్ల గులాబీలు పెట్టారు. వీధుల వెంట జనం నడిచారు.

ఇటువైపు రచయిత టా-నెహిసి కోట్స్ వంటివాళ్లు 2013లోనూ ఆ తర్వాతా ఆ మాట మీద తమ జాతికున్న అధికారాన్ని సమర్థించారు. పాతవి, కొత్తవి అన్ని వాదనలూ పక్కపక్కనే బతుకుతున్నాయి. నాకు ప్రయర్ మాట నచ్చుతుంది. కానీ నాకు నచ్చడం వల్ల తేలేదేమీ లేదు, తేల్చుకోవలసిన ఇల్లు వాళ్లది.

పాటలో ఉంటే? పాడేటప్పుడు మింగేయాలా?

మింగేయాలి. 2018 మేలో అలబామా సముద్ర తీరంలోని గల్ఫ్ షోర్స్‌లో నల్లజాతి ర్యాప్ గాయకుడు కెండ్రిక్ లమార్ కచేరీ జరిగింది. తనతో పాడడానికి ఒక తెల్ల అభిమానిని వేదిక మీదకు పిలిచారు. ఆమె ఉత్సాహంగా పాడుతూ ఆ మాటను కూడా వదలకుండా పాడేసింది. ఆయన పాట ఆపించారు. జనం కేకలు వేశారు. ఒక్క మాట మింగితే చాలునని ఆయన చెప్పారు, ఆమె క్షమాపణ చెప్పి మళ్లీ మొదలుపెట్టింది. రాసి, పాడి, అమ్ముతున్నది ఆయనే కదా, పాడితే తప్పెలా అవుతుందని అప్పుడు చాలామంది అడిగారు. నల్లజాతి మేధావులలోనూ కొందరు ఆ అమ్మాయి మీద జాలిపడ్డారు. పిలిచి పాడమని తర్వాత నిలదీయడం నాకూ కాస్త కటువుగానే అనిపించింది. అయినా ఆయన గీసిన గీత సరైనదే.

కోట్స్ 2017లో ఇల్లినాయ్ రాష్ట్రం ఎవాన్‌స్టన్‌లో ఒక సభలో ఇదే ప్రశ్నకు ఇచ్చిన జవాబు మా తరగతిలో పెద్ద పిల్లలకు తప్పకుండా చెబుతాను. అందరూ చేస్తున్న పని తాను చేయకూడని పరిస్థితిలో నల్లజాతి మనిషి రోజూ తిరుగుతుంటాడు. పాటలో ఒక్క మాట దగ్గర ఆగవలసి వచ్చినప్పుడు, ఆ బతుకు ఎలా ఉంటుందో మీకు రవ్వంత తెలుస్తుంది. ఆయన మాటల సారాంశం ఇది.

మేమూ తెల్లవాళ్లం కాదు కదా. మమ్మల్నీ తిట్టారు. మాకు ఆ మాట చెల్లదా?

మనల్ని తిట్టారన్నది నిజం. 1987లో న్యూజెర్సీ రాష్ట్రం జెర్సీ సిటీలో, ఆడవాళ్ల నుదుటి బొట్టును వెక్కిరిస్తూ ఒక ముఠా పేరు పెట్టుకుని భారతీయుల మీద దాడులు చేసింది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతాలో, మన హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్లను, నా దేశం నుంచి పొండి అని అరిచి ఒకడు కాల్చి చంపాడు. ఆ గాయాలు మనవి. ఆ తిట్లు మనకు తగిలినవి.

కానీ ఎన్-వర్డ్ మనకు తగిలిన తిట్టు కాదు. పైగా చరిత్రలో మనవాళ్లు ఎటు నిలబడాలని చూశారో కూడా గుర్తుంచుకోవాలి. పంజాబ్ నుంచి వచ్చిన భగత్ సింగ్ థింద్ పౌరసత్వం కేసు అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, తాను ఆర్యుడిననీ, కాబట్టి తెల్లవాడిననీ వాదన వినిపించారు. అమెరికావాడు నీగ్రోను చూసే చూపుతోనే ఉన్నత కులపు హిందువు తన దేశపు ఆదివాసులను చూస్తాడని కూడా ఆ వాదనలో ఉంది. 1923లో ఆయన ఓడిపోయారు. మన తాతల తరానికి తలుపు తెరిచిన 1965 వలస చట్టం నల్లజాతివాళ్లు వీధుల్లో దెబ్బలు తిని సాధించిన పౌరహక్కుల ఉద్యమపు గాలిలోనే వచ్చింది. వాళ్లు తెరిచిన తలుపులోంచి వచ్చి, వాళ్ల గాయం పేరు మన నోట్లో వేసుకోవడం నాకు సహించరాని విషయం.

మన తిట్లను మనం సొంతం చేసుకుంటామంటే అది మన ఇష్టం. ఆసియా సంతతి యువకులు ఒక వాద్యబృందం పెట్టుకుని, తమ కళ్లను వెక్కిరించే తిట్టునే దానికి పేరుగా పెట్టుకున్నారు. ప్రభుత్వ కార్యాలయం ఆ ట్రేడ్‌మార్క్ ఇవ్వనంది. 2017లో సుప్రీంకోర్టు బృందం పక్షాన తీర్పిచ్చింది.

చట్టం ఏమంటుంది?

వీధిలో మాటకు సాధారణంగా శిక్ష లేదు. ఉద్యోగం చేసే చోట సంగతి వేరు. 1964 పౌరహక్కుల చట్టం కింద అది జాతి వివక్షకు సాక్ష్యమవుతుంది. ‘మా వాళ్లే అన్నారు’ అన్నది కూడా అక్కడ రక్షణ కాదు. 2013లో న్యూయార్క్‌లో ఒక నల్లజాతి ఉద్యోగిని, తనను ఆ మాటతో తిట్టిన నల్లజాతి పై అధికారి మీద గెలిచింది. మా సంస్కృతిలో అది ప్రేమతో అనే మాట అని ఆయన చెప్పుకుంటే జ్యూరీ ఒప్పుకోలేదు. అన్నీ కలిపి 2,80,000 డాలర్లు చెల్లించమంది. వరస ఉన్నంత మాత్రాన దెబ్బ దెబ్బ కాకుండా పోదు.

పాత పుస్తకాల్లో ఉంటే తరగతిలో చదవాలా?

మార్క్ ట్వేన్ హకల్‌బెరీ ఫిన్ నవలలో అది 200 సార్లకు పైగా వస్తుంది. 2011లో ఒక ప్రచురణ సంస్థ దాని స్థానంలో ‘బానిస’ అని మార్చి అచ్చువేస్తే పెద్ద గొడవైంది. పుస్తకం మార్చకూడదనీ, తరగతిలో పైకి చదవనక్కర్లేదనీ నా మాట. కళ్లతో చదివితే సరిపోతుంది.

మన దగ్గర ఇలాంటిది ఉందా?

ఉంది, దాచుకుని లాభం లేదు. కులం పేరే మన తిట్టు. మన సామెతల పుస్తకాలు తిరగేస్తే ఎన్ని కులాల పేర్లు తిట్లుగా నిలబడ్డాయో కనిపిస్తుంది.

ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం 1989 నాటిది. పదిమందీ చూసే చోట ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని కులం పేరుతో దూషించడం దాని కింద నేరం. ఆరు నెలల నుంచి అయిదేళ్ల వరకు జైలు. ఆ సెక్షన్ మొదలయ్యేదే ‘షెడ్యూల్డ్ కులానికి గాని, తెగకు గాని చెందని వ్యక్తి ఎవరైనా’ అన్న అర్థంతో. అంటే ‘ఎవరు అనవచ్చు’ అన్న ప్రశ్న మన పార్లమెంటు ముందుకూ వచ్చింది. అన్నవాడెవడన్నదే ముఖ్యమని అది తేల్చింది.

మాట ఎవరి చేతిలో ఉందన్న దాని కోసం తెలుగునేల మీద పెద్ద పోరాటాలే జరిగాయి. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచముల మహాసభ జరిగింది. ఎవరో పెట్టిన ‘పంచములు’ అన్న పేరును అక్కడే తీసేసి, మేము ఆది ఆంధ్రులం అన్నారు. 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు అమెరికా నల్లజాతి ఉద్యమకారులైన బ్లాక్ పాంథర్ల పేరు చూసే తమ పేరు పెట్టుకున్నారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం ఇంకా ముందుకు వెళ్లింది. ఊరి నడివీధిలో ఉమ్మినట్టు పలికే ‘మాదిగ’ అన్న మాటను మంద కృష్ణ మాదిగ, ఆయన సహచరులు పేరు చివర తలపాగాలా పెట్టుకున్నారు. రెడ్డి, చౌదరి, శర్మ అని తగిలించుకోవడం ఎవరికీ వింతగా తోచని చోట, ఈ ఒక్క పేరు వినగానే సభలు ఉలిక్కిపడ్డాయి. ఈ రోజు పత్రికలు ఆ పేరును గౌరవంగా అచ్చువేస్తాయి. అదే మాటతో టీ కొట్టు దగ్గర ఒకణ్ణి తిడితే కేసు అవుతుంది.

ఈ పోలిక కూడా పూర్తిగా కుదరదని తెలుసు. మాదిగ అన్నది ఒక కులం అసలు పేరు, దాన్ని తిట్టుగా మార్చింది ఇతరులు. ఎన్-వర్డ్ ఏ జాతికీ సొంత పేరు కాదు. అయినా ‘వాళ్లే పెట్టుకున్నారు కదా’ అని అమెరికాలో అడిగే తెలుగువాళ్లు ఒక్కసారి మన ఊరి టీ కొట్టును తలచుకోవాలి.

తెలుగులోనో హిందీలోనో అనుకుంటే వాళ్లకు ఏమి తెలుస్తుంది?

తెలుస్తుంది. వెస్టిండీస్‌కు రెండు టీ20 ప్రపంచ కప్పులు తెచ్చిన కెప్టెన్ డారెన్ సామీ 2013, 2014లో హైదరాబాద్ సన్‌రైజర్స్ జట్టులో ఆడారు. అక్కడ తనను ‘కాలూ’ (హిందీలో ‘నల్లోడా’ అన్నట్టు) అని పిలిచేవారనీ, బలమైన గుర్రం లాంటివాడని మెచ్చుకుంటున్నారనుకున్నాననీ 2020 జూన్‌లో ఆయన చెప్పారు. ఒక టీవీ కార్యక్రమంలో ఆ మాటకు అర్థం విని ఆయనకు కోపం వచ్చింది. పిలిచినప్పుడల్లా అందరూ నవ్వేవారు, జట్టు సహచరులు సంతోషంగా ఉన్నారు కాబట్టి తానూ సంతోషించానని గుర్తుచేసుకున్నారు. తర్వాత ఒక సహచరుడితో మాట్లాడాననీ, అతను ప్రేమతోనే అన్నాడని నమ్ముతున్నాననీ చెప్పారు. నేను ప్రేమను కాదనను. కానీ ఆరేళ్లపాటు ఒక మనిషికి తన పిలుపు అర్థమే తెలియనివ్వని ప్రేమ అది. మన వంటింట్లో, కారులో, వాట్సాప్‌లో ‘ఆ నల్లవాడు’ అని నవ్వుతూ అనే ప్రతిసారీ పిల్లలు వింటున్నారు, బడికి తీసుకెళుతున్నారు.

మరి ‘నీగ్రో’ అనవచ్చా? మా పాఠ్యపుస్తకాల్లో ఉండేది.

ఒకప్పుడు అది గౌరవమైన మాటే. ఇంగ్లిష్‌లో దాని మొదటి అక్షరాన్ని పెద్ద అక్షరంగా (క్యాపిటల్) రాయమని నల్లజాతి నాయకులు పోరాడితే 1930లో న్యూయార్క్ టైమ్స్ ఒప్పుకుంది. మార్టిన్ లూథర్ కింగ్ 1963 ప్రసంగంలోనూ అదే వాడారు. 1960ల చివరికి ఆ జాతివాళ్లే దాన్ని వదిలేశారు. 2016లో అమెరికా తన చట్టాల్లో మిగిలిన చోట్ల నుంచి కూడా తీసేసింది. కాబట్టి పాత సంస్థల పేర్లలో, ఉటంకింపుల్లో తప్ప తెలుగులో కూడా మానేయాలి. నల్లజాతీయులు, ఆఫ్రికన్ అమెరికన్లు అనే మాటలు మనకున్నాయి.

మా అబ్బాయి అనేశాడు. ఇప్పుడేమి చేయాలి?

మా తరగతిలో 13 ఏళ్ల అబ్బాయి విషయంలో ఇదే జరిగింది. బాస్కెట్‌బాల్ ఆట నుంచి తిరిగి వస్తూ తల్లి కారు నడుపుతోంది, వెనుక సీట్లో ముగ్గురు పిల్లలు. ఫోనులో పాట పెట్టారు. ఇతను మాట మింగకుండా పాడాడు. పక్కన కూర్చున్న నల్లజాతి స్నేహితుడు అప్పటిదాకా వేలితో కిటికీ మీద తాళం వేస్తున్నవాడు వేయడం మానేశాడు. ఇల్లు వచ్చేవరకు బయటికే చూస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు తల్లికి మాత్రం థ్యాంక్యూ చెప్పాడు.

ఆమె వచ్చి నన్ను అడిగితే మూడు మాటలు చెప్పాను. వాణ్ణి కొట్టవద్దు, వాడు ద్వేషంతో అనలేదు. ‘అందరూ అంటున్నారు’ అన్న సాకు ఒప్పుకోవద్దు. క్షమాపణ ఫోనులో మెసేజ్ చేయకుండా ఎదురుగా వెళ్లి చెప్పించండి, మీరూ వెంట వెళ్లండి. వాళ్లు వెళ్లారు. ఆ అబ్బాయి నాయనమ్మ తలుపు తీసి, కూర్చోబెట్టి, తన చిన్నప్పుడు మిసిసిపీలో ఆ మాట మొదటిసారి ఎవరి నోట విన్నదో చెప్పిందట. ఆమె చెప్పినదంతా ఇక్కడ రాసే అనుమతి నేను అడగలేదు.

పిల్లలు బడిలో ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు, ఒకే బల్ల దగ్గర భోజనం చేస్తున్నారు. కారులో మాత్రం ఆ అబ్బాయి ఇంకా ఎక్కడం లేదు.